వర్జ్యంలో వేసిన నామినేషన్

మూర్తిగారు పొద్దున్నే నా హోటలు ముందు బల్ల మీద కూర్చుని పంచాంగం చదువుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఒకపక్క ఇడ్లీ చల్లారిపోతుంటుంది, చట్నీ మీద ఈగ తిరుగుతుంటుంది, ఆయనకి మాత్రం ముందు తిథి కావాలి, తర్వాత నక్షత్రం, ఆ తర్వాత దుర్ముహూర్తం, వర్జ్యం. అవన్నీ తేలేదాకా చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళదు. వర్జ్యం ఉన్న ఆ గంటన్నరా సంతకం పెట్టరు, కొత్త చొక్కా తొడుక్కోరు, ఎవరికీ మాటివ్వరు. ఒకసారి పెద్ద ఆఫీసరెవరో అవనిగడ్డలో రోడ్డుకి శంకుస్థాపన చెయ్యడానికొస్తే, కొబ్బరికాయ చేత్తో పట్టించి వర్జ్యం వెళ్ళేదాకా ఎండలో నిలబెట్టేశారు. ఆ సంగతి దివిసీమలో తెలియనివాళ్ళు లేరు.

ఇంకొకటి కూడా ఉంది. అది తల్చుకుంటే ఇంకా మంట. టిఫిను తిని పని మీద బయల్దేరేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "భాగ్యం, కాస్త లోపలికెళ్ళమ్మా" అనేవారు. నా మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. బొట్టు లేని మొహం ఎదురు రాకూడదు కదా మరి. పోనీ కసురుకుంటూ అనేవారా అంటే అదీ కాదు, ఎంతో మర్యాదగా అనేవారు. కసిరినా బాగుండేదేమో, తిరిగి నాలుగు అనేదాన్ని. గరిటె పెనం మీద టంగుమని కొట్టి లోపలికి పోయి, స్కూటరు చప్పుడు మలుపు తిరిగాక బయటికొచ్చేదాన్ని. ఈలోపల పెనం మీద పెసరట్టు మాడిపోయేది.

అయినా ఆయనంటే నాకు గౌరవమే. ఎందుకో చెప్తాను. అవనిగడ్డ బస్టాండు దాటాక కాలవ గట్టు మీద మా వరస ఉంటుంది. నా హోటలు, హనీఫ్ పంక్చర్ షాపు, ఒక సెలూను, రెండు టీ బంకులు, చేపల వలలు బాగుచేసే కొట్టు. నాలుగేళ్ళ కిందట ఆ గట్టు ఖాళీ చెయ్యాలని పొక్లెయిన్ తీసుకొచ్చారు. అప్పుడు మూర్తిగారు మండలాధ్యక్షుడు. అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. అయినా సరే, నా హోటల్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, పొక్లెయిన్ తొండం కింద వేసుకుని కూర్చున్నారు. తవ్వితే ముందు నన్ను తవ్వండి అన్నారు. నేను ఆ కుర్చీ దగ్గరికే మజ్జిగ పట్టుకెళ్ళి ఇచ్చాను. చీకటి పడేలోపల ఆ మిషను వచ్చిన దారినే పోయింది. ఆ కుర్చీలో ఆ తర్వాత నేనెవర్నీ కూర్చోనివ్వలేదు.

ఆయన నాన్నగారు ఘంటసాలలో బడిపంతులు. కొడుకుని ఏ ఆఫీసులోనో గుమాస్తాగా చూడాలని ఆయన కోరిక. కొడుకు పార్టీ జెండా పట్టుకున్నాడు. వార్డు మెంబరు, సర్పంచి, ఎంపీటీసీ, మండలాధ్యక్షుడు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య అయిదేళ్ళో పదేళ్ళో గోడలకి పోస్టర్లు అంటించడం, పెద్దవాళ్ళ కార్ల వెనకాల తిరగడం. ముప్ఫై ఏళ్ళు ఒకే పార్టీ. ఈసారి జెడ్పీటీసీ టిక్కెట్టు నీదే మూర్తీ అని గుడివాడలో ఉండే పార్టీ పెద్దాయన నలుగుర్లో చెప్పాడు. మూర్తిగారు ఆ రోజు మా వరసలో అందరికీ కాఫీ ఇప్పించారు.

తీరా చూస్తే బీ-ఫారం యుగంధర్‌కి ఇచ్చారు. ఆయనదీ గుడివాడే, కాంట్రాక్టరు. అవనిగడ్డలో ఇల్లు కట్టి రెండేళ్ళు కాలేదు. మా గట్టు మీద షాపింగ్ కాంప్లెక్సు కడతానని, బొమ్మ గీయించి మరీ అందరికీ చూపించుకుంటున్న మనిషి. ఆ బొమ్మలో నా హోటలున్నచోట మెట్లున్నాయి.

నామినేషన్లకి ఆఖరి రోజు పొద్దున మూర్తిగారు హోటలుకొచ్చి ఇండిపెండెంటుగా నిలబడతానన్నారు. మా వరసంతా చప్పట్లు కొట్టింది. ప్రపోజర్‌గా సంతకం ఎవరు పెడతారనేసరికి మాత్రం ఒకడికి పని గుర్తొచ్చింది, ఇంకొకడికి ఫోనొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆయన వెనకాల తిరిగినవాళ్ళే. యుగంధర్‌కి ఎదురు సంతకం పెట్టి ఊళ్ళో బతకాలి కదా. నాకు తిక్కరేగింది. గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, నేను పెడతానన్నాను. మూర్తిగారు నా మొహంలోకి చూసి, "ఆలోచించుకో భాగ్యం" అన్నారు. ఆలోచించడానికేముంది, ఆయన గెలిస్తే నా హోటలుంటుంది, యుగంధర్ గెలిస్తే మెట్లవుతుంది.

బందరులో జెడ్పీ ఆఫీసు కాంపౌండులో వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాం. లైను తగ్గినా ఆయన లేవలేదు. నేను రెండుసార్లు అడిగితే, వెళ్దాంలే అన్నారు. ఆ తర్వాత ఉన్నట్టుండి లేచి లోపలికి నడిచారు. చేతిలో పంచాంగం లేదు, ఆ రోజు అది తేనేలేదు. కంగారులో మర్చిపోయారనుకున్నాను.

మర్నాడు పరిశీలనలో అవతలి పార్టీ వాళ్ళ నామినేషన్ కొట్టేశారు. బరిలో ఇద్దరే మిగిలారు. ఈయన తప్పుకుంటే యుగంధర్ ఏకగ్రీవం. ఇక చూడండి, మా గట్టు మీద జనం నా హోటలు ముందాగి నన్ను చూసిపోవడం మొదలెట్టారు. యుగంధర్ మనుషులు టీ తాగి, గ్లాసు పెట్టేసి, కొత్త హోటలు ఎక్కడ పెడుతున్నావమ్మా అని నవ్వుతూ అడిగేవాళ్ళు. నేనూ నవ్వుతూనే, మీ ఇంటి వరండాలో అనేదాన్ని. రాత్రిళ్ళు మాత్రం నిద్రపట్టేది కాదు. ఆయన గనక విత్‌డ్రా చేసుకుంటే ఆయనకి పెద్దగా పొయ్యేదేం లేదు, మళ్ళీ పార్టీలోకి పోతారు. సంతకం పెట్టిన దాన్ని నేనొక్కదాన్నే గట్టు మీద మిగులుతాను.

ఉపసంహరణకి ఆఖరి రోజు వచ్చింది. మూడింటిదాకా గడువు, తర్వాత మిగిలినవాళ్ళకి గుర్తులిస్తారు. ఆ పొద్దున కూడా మూర్తిగారు బల్ల మీద కూర్చుని పంచాంగం తిరగేశారు. ఈసారి నేనే అడిగాను, రోజెలా ఉందండీ అని. "వర్జ్యం తెల్లారకముందే వెళ్ళిపోయిందమ్మా. ఇవాళంతా శుభ్రం" అన్నారు. అని పుస్తకం మూసి, ఇడ్లీ ముట్టుకోకుండా లేచారు. మధ్యాహ్నం కారెక్కబోతూ అలవాటు ప్రకారం లోపలికెళ్ళమన్నారు, వెళ్ళాను.

కారు హనీఫ్ బావమరిదిది, నడిపేది హనీఫ్. మూర్తిగారు నన్ను రమ్మనలేదు. స్టార్టు చేస్తుంటే నేనే వెనక తలుపు తీసుకుని ఎక్కేశాను. ప్రపోజర్‌ని, గుర్తు ఇచ్చేటప్పుడు నేనుండొద్దా అన్నాను. గ్యాస్ పొయ్యి గుర్తు అడగండి, ప్రతి ఆడదానికీ తెలుస్తుంది అని కూడా చెప్పాను. ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలో హనీఫ్ నావైపు చూసి కళ్ళు దించుకున్నాడు. పులిగడ్డ దాటాం, మోపిదేవి దాటాం, చల్లపల్లి కూడా దాటాం.

బందరులో కారు జెడ్పీ ఆఫీసుకి వెళ్ళలేదు. ఆ సందు చివర ఒక లాడ్జి ముందు ఆగింది. "నువ్వు కారులో కూర్చో భాగ్యం" అని మూర్తిగారు మెట్లెక్కారు. నేను కూర్చుంటానా? హనీఫ్ వద్దక్కా అంటున్నా వినకుండా ఆయన వెనకే ఎక్కాను.

పైన ఏసీ గదిలో సూర్యతేజ ఉన్నాడు. పార్టీ జిల్లా ఆఫీసులో పనులు చక్కబెట్టే కుర్రాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. తలుపు బయట ఇద్దరు నిలబడ్డారు, వాళ్ళిద్దరూ మా హోటల్లో టీ తాగి నవ్విపోయినవాళ్ళే. బల్ల మీద బిర్యానీ పొట్లాలు, ఒక కాగితం, పెన్ను. కాగితం ఏమిటో అడగక్కర్లేకపోయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను.

నన్ను చూసి సూర్యతేజ చిరాకుపడ్డాడు. ప్రపోజరేనండీ, ఉండనీ అన్నారు మూర్తిగారు, నావైపు చూడకుండా. బేరం ఫోన్లలోనే అయిపోయినట్టుంది, ఇక్కడ ముగింపే మిగిలింది. తప్పుకున్నందుకు మూర్తిగారికి మార్కెట్ యార్డు చైర్మన్ పదవి. ఆయన ఇంకొకటి అడిగారు, గట్టు మీది వరస ముట్టుకోకూడదన్నారు. సూర్యతేజ ఫోను చూసుకుంటూనే, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం లెండి, యుగంధర్‌గారు మాట వినే మనిషే అన్నాడు. మూర్తిగారు తలూపారు. ఆ తలూపడం చూస్తే నాకు పొక్లెయిన్ కింద కుర్చీలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడేనా అనిపించింది.

నేనూరుకోలేదు. మూర్తిగారూ, మరి నా సంగతేంటండీ అని అడిగాను. సూర్యతేజ నవ్వాడు.

"నీకింకా అర్థం కాలేదా అమ్మా? మూర్తిగారు నామినేషన్ వేసిందే వర్జ్యంలో. ఆ రోజే మా పెద్దాయన నవ్వారు, మూర్తి వర్జ్యంలో వేశాడంటే అది వేసినట్టే కాదు, కంగారుపడకండర్రా అని."

నేను మూర్తిగారి మొహంలోకి చూశాను. ఆయన బల్ల మీది బిర్యానీ పొట్లానికి కట్టిన దారం చూస్తున్నారు. వేపచెట్టు కింద ఆయన ఎందుకంతసేపు కూర్చున్నారో అప్పుడు తెలిసింది. నేను లైను తగ్గడం కోసమనుకున్నాను. ఆయన వర్జ్యం రావడం కోసం కూర్చున్నారు. నిజంగా నిలబడదల్చుకోలేదు కాబట్టి చెడ్డ ఘడియ చూసి మరీ వేశారు. పార్టీ బెదిరి పిలవాలి, ఏదో ఒకటి ఇవ్వాలి, అంతవరకే. ఆ ఉత్తుత్తి కాగితం మీద నా సంతకం మాత్రం నిజంది. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది.

గంట రెండు దాటింది. సూర్యతేజ కాగితం ముందుకి జరిపాడు. సందు మొదట్లో ఆఫీసులో ఇవ్వడానికి అయిదు నిమిషాలు చాలు, సంతకం పెట్టేసి భోంచేద్దాం అన్నాడు. మూర్తిగారు జేబులోంచి తన సొంత పెన్ను తీశారు. మూత తిప్పుతున్నారు.

ఏం చెయ్యగలను నేను? కాగితం చింపితే ఇంకొకటి తెస్తారు. అరిస్తే బయట ఇద్దరున్నారు, నోరు మూసి కిందికి దించేస్తారు. ఆ పెన్ను కాగితానికి తగలబోతుంటే నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"వర్జ్యం వచ్చిందండీ మూర్తిగారూ. మూడున్నరదాకా ఉంది."

పెన్ను ఆగింది. అన్నానే గానీ, అన్న మరుక్షణమే నేనేం అన్నానో తెలిసింది. ఎవరితో అంటున్నాను? నాకు పొద్దున వర్జ్యం లేదని చెప్పిందే ఆయన. పంచాంగం విషయంలో ఆయన పిల్లలతో కూడా హాస్యానికి అబద్ధమాడగా నేను చూడలేదు. ఇప్పుడు తలెత్తి, లేదమ్మా, తెల్లారకముందే వెళ్ళిపోయింది అంటారు. అక్కడితో అయిపోతుంది.

ఆయన తలెత్తారు. నావైపు చాలాసేపు చూశారు. ఎప్పుడూ అలా చూడలేదు, ఆయన చూపు నా మొహం పక్కనుంచి పోయేదే గానీ మొహం మీద నిలిచేది కాదు. నేను కళ్ళు దించలేదు. ఏమైతే అదయిందని అలాగే నిలబడ్డాను.

మూర్తిగారు పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నారు.

"అవును. మర్చేపోయాను. మూడున్నర దాటాకే సంతకం" అన్నారు.

సూర్యతేజకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మూడింటికి గడువు అయిపోతుందండీ, మూడున్నరకి సంతకం పెట్టి ఏం చేసుకుంటాం అన్నాడు. నేనేం చెయ్యను బాబూ, శాస్త్రం అలా ఉంది అన్నారు మూర్తిగారు. ముప్ఫై ఏళ్ళుగా వర్జ్యంలో సంతకం పెట్టని మనిషని జిల్లా అంతా తెలుసు కాబట్టి కుర్రాడికి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఒక ఫోను పక్కన పడేసి రెండోదాంట్లో వెతకడం మొదలెట్టాడు. కొంగు ముడి వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడ్డాను.

దొరికింది వాడికి. కళ్ళు మెరిశాయి. ఇదిగోనండీ, ఇవాళ వర్జ్యం తెల్లవారుజామునే అయిపోయింది, ఈవిడెవరో చెప్తే మీరు నమ్మడమేంటి అంటూ ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. అయిపోయింది నా పని అనుకున్నాను. మూర్తిగారు జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ ఫోను తీరిగ్గా చదివారు.

"ఇది దృగ్గణితమా, పూర్వగణితమా?" అని అడిగారు.

సూర్యతేజ నోరు తెరిచాడు. అంటే ఏంటండీ అన్నాడు. అది కూడా తెలియకుండా పంచాంగం చూస్తే ఎలా బాబూ అని మూర్తిగారు కుర్చీలో వెనక్కి వాలి, రెండు పద్ధతులకీ తేడా ఏమిటో మొదట్నుంచి చెప్పడం మొదలెట్టారు. ఎక్కడ ఏ గ్రహం ఎంత జరిగిందో, ఏ సిద్ధాంతి ఏమన్నాడో, వాళ్ళ నాన్నగారు ఏది పాటించేవారో. గోడ మీద గడియారం ముల్లు జరుగుతోంది. నాకు ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు, కానీ అంత చక్కటి ప్రసంగం నేను మళ్ళీ వినలేదు.

కుర్రాడు మధ్యలో బల్ల మీద చరిచాడు. బిర్యానీ పొట్లం కింద పడింది. ఇంక మర్యాద లేదు. నావైపు తిరిగి వేలు చూపించాడు.

"ఇదంతా నీ వల్లే. రేపు పొద్దున్నే పొక్లెయిన్ వస్తుంది గట్టు మీదికి. ఆల్రెడీ చెప్పేశారు యుగంధర్‌గారు. నీ హోటలుతోనే మొదలు."

ఆల్రెడీ చెప్పేశారా అని మూర్తిగారు నెమ్మదిగా అడిగారు. సూర్యతేజ నాలిక కరుచుకున్నాడు. మాట వెనక్కి తీసుకోవాలని ఏదో అనబోయాడు. అప్పటికే మూర్తిగారి మొహం మారిపోయింది. పొక్లెయిన్ కింద కూర్చున్నప్పటి మొహం అది, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ చూశాను.

ఇక సూర్యతేజ గుడివాడకి ఫోను చేశాడు. గొంతు తగ్గించి, కిటికీ దగ్గరికి పోయి, సంగతంతా చెప్పి, ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. పెద్దాయన గొంతు చాలా ఆప్యాయంగా ఉంది. ఏంట్రా మూర్తీ ఈ చాదస్తం, ముప్ఫై ఏళ్ళు మనది, ఒక్కసారికి పంచాంగం పక్కన పెట్టు, నీకు నేనున్నాను కదా అన్నాడు. ఆ గొంతు వింటే నాకే లొంగిపోవాలనిపించింది. ముప్ఫై ఏళ్ళు దాని వెనకాల నడిచిన మనిషికి ఎలా ఉంటుంది? మూర్తిగారి చెయ్యి మళ్ళీ జేబు దగ్గరికి వెళ్ళింది. పెన్నుని తడిమి చూసుకుంది.

"అన్నగారూ, వర్జ్యంలో వేస్తే వేసినట్టు కాదని మీరే అన్నారట" అన్నారు మూర్తిగారు. "వర్జ్యంలో తీస్తే తీసినట్టూ కాదండీ. ఎందుకొచ్చిన పని."

ఈసారి ఆప్యాయం లేని గొంతుతో, బయటికి పోతే మళ్ళీ రాలేవు మూర్తీ అన్నాడు పెద్దాయన. తెలుసండీ అన్నారు ఈయన. ఫోను ఆగిపోయింది.

ఆ తర్వాత ఉన్న కాసేపూ నాకు ఒక యుగంలా గడిచింది. సూర్యతేజ తలుపు బయటివాళ్ళని లోపలికి పిలిచాడు. వాళ్ళు మూర్తిగారి కుర్చీకి అటూ ఇటూ నిలబడ్డారు. ఒకడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేను పోయి ఆ చెయ్యి తీసి అవతల పడేశాను, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం నాకే తెలియదు. కొడితే కొట్టండి, చెయ్యి పట్టుకుని రాయిస్తే సంతకం అవుతుందా, బయట టీవీ వాళ్ళున్నారు, కిటికీలోంచి అరుస్తాను అన్నాను. వాళ్ళు సూర్యతేజ వైపు చూశారు. కుర్రాడు ఫోన్లు రెండూ మార్చి మార్చి చూసుకుంటున్నాడు, రెండూ మోగుతూనే ఉన్నాయి, ఒకదాంట్లోనూ మాట్లాడటం లేదు. కిందనుంచి ఎవరో, టైమైపోయిందన్నా అని కేక పెట్టారు. సూర్యతేజ ఆ కాగితాన్ని ఉండచేసి గోడకి కొట్టి వెళ్ళిపోయాడు.

మెట్లు దిగుతుంటే మూర్తిగారు గోడ పట్టుకుని దిగారు. ఒక్కసారిగా ముసలాయన అయిపోయినట్టు కనబడ్డారు. హనీఫ్ మమ్మల్ని చూసి కారు దిగి పరిగెత్తుకొచ్చాడు, ఏమైందక్కా అన్నాడు. మూర్తిగారు పోటీలోనే ఉన్నారురా అన్నాను. వాడు అక్కడే కారు బానెట్ మీద తల పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ వాడికి తెలుసని నాకప్పుడర్థమైంది. తర్వాత తిట్టుకోవచ్చులే అని వదిలేశాను.

జెడ్పీ ఆఫీసు దాకా నడిచే వెళ్ళాం. దారిలో ఇంక ఉండబట్టలేక, వర్జ్యం లేదండీ, నేను అబద్ధం చెప్పాను అన్నాను.

"పొద్దున నీకు చెప్పింది నేనే కదమ్మా" అన్నారాయన.

మరి ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. నాలుగడుగులు వేశాక, వర్జ్యం సంగతి ఆ కుర్రాడు చెప్తుంటే నీ మొహం చూడలేకపోయాను, ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా చూడకుండా ఉండలేకపోయాను అన్నారు. నాకు కోపం పోలేదు. నన్ను మోసం చేశారు మూర్తిగారూ అన్నాను, మొహం మీదే. చేశానమ్మా అన్నారు. రేపు పొక్లెయిన్ వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆ కుర్చీ ఉందా ఇంకా అని అడిగారు. ఉందన్నాను.

జెడ్పీ గేటు దగ్గర జనం ఉన్నారు. లోపల మెట్ల మీద గుర్తుల కోసం పేర్లు పిలవబోతున్నారు. టీవీ వాళ్ళు మమ్మల్ని చూసి మైకులు పట్టుకుని కదిలారు. మూర్తిగారు గేటు ముందు ఆగి, చెప్పుల్లో కాళ్ళు సర్దుకున్నారు.

"భాగ్యం, లోపలికెళ్ళమ్మా" అన్నారు.

నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఇంత జరిగాక కూడానా? ఇంతమంది ముందు కూడా నా మొహం పనికిరాదా? ఈసారి నోరు మూసుకోదల్చుకోలేదు. అందరూ వింటుండగా అడుగుదామని నోరు తెరిచాను.

"వెళ్ళి, ఆ మెట్ల దగ్గర్నుంచి వెనక్కి తిరుగు" అన్నారాయన. "తిరిగి నాకు ఎదురు రా. గుర్తు తీసుకోడానికి వెళ్తున్నాను."

జనం మధ్యలోంచి మెట్లదాకా ఎలా నడిచానో తెలియదు. వెనక్కి తిరిగాను. ఆయన గేటు దగ్గరే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, నావైపే చూస్తున్నారు. తొమ్మిదేళ్ళలో నేను ఎవరికీ ఎదురు నడవలేదు. పెళ్ళిళ్ళలో గుంజల వెనకాల నిలబడ్డాను, చెల్లెలి కొడుకు పరీక్షకి బయల్దేరుతుంటే వంటింట్లో దాక్కున్నాను. కొంగు నెత్తిమీదికి లాక్కోబోయి వదిలేశాను. నడిచాను. ఆయన నాకు దణ్ణం పెట్టి, నా పక్కనుంచి లోపలికి కదిలారు.

"గ్యాస్ పొయ్యి అడగండి, మర్చిపోకండి" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.